ఎనిమిది పళ్ల నవ్వు

నవ్వడం కూడా ఒకరు నేర్పాలా అని అడిగేవాళ్లను ఒక్కసారి వినీల క్లాసులో కూర్చోబెట్టాలి. శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డు మీద, కింద టిఫిన్ సెంటరూ పైన జిమ్మూ ఉన్న బిల్డింగు మధ్య అంతస్తులో ఉంది ఆ ట్రైనింగ్ అకాడమీ. ఎయిర్‌పోర్టు కౌంటర్ల దగ్గరా లాంజ్‌లలోనూ నిలబడి ప్రయాణికులకు మర్యాదలు చేసే పిల్లలు అక్కడ తయారవుతారు. కందుకూరు నుంచి, కొత్తూరు నుంచి, ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి డిగ్రీ చేతపట్టుకుని వస్తారు. చీర ఎలా కట్టాలో, జుట్టు ఎలా ముడవాలో, ఇంగ్లీషులో ఎలా పలకరించాలో నేర్చుకుంటారు. వాటన్నిటికంటే ముందు నవ్వు నేర్చుకుంటారు. అది వినీల సబ్జెక్టు.

పద్ధతి సులువే. పెన్నును అడ్డంగా పళ్ల మధ్య పెట్టుకుని, పెదవులు దానికి తగలకుండా సాగదీసి, అద్దం ముందు నిలబడాలి. పై వరసలో ఎనిమిది పళ్లు కనబడాలి. తగ్గితే ముభావంగా ఉన్నట్టు, పెరిగితే ఇకిలించినట్టు. మొదట్లో దవడలు పీకి అన్నం నమలడం కూడా కష్టమవుతుంది. కొన్నాళ్లకు పెన్ను తీసేసినా నవ్వు మాత్రం అక్కడే ఉంటుంది. అప్పుడు అసలు పాఠం మొదలవుతుంది. వినీల కోపిష్టి ప్రయాణికురాలి వేషం కట్టి ఒక్కొక్కరి ముందు నిలబడి తిడుతుంది. వాళ్ల ఇంగ్లీషును, నడకను, ఊరిని, కన్నవాళ్లను ఎగతాళి చేస్తుంది. "పేడ ఎత్తే చేతులతోని నాకు కాఫీ ఇస్తవా?" అంటుంది. ఆ మాట పడ్డప్పుడు నవ్వు పిసరంత చెదిరినా మళ్లీ అద్దం, మళ్లీ పెన్ను.

వినీల చెడ్డ మనిషేం కాదు. ఏళ్ల తరబడి కౌంటర్లో నిలబడి నానా మాటలూ పడి వచ్చిన మనిషి. ఈ పిల్లలు ఉద్యోగంలో చేరిన రోజే ఏడుస్తూ ఇంటికి రాకూడదని ఆమె తాపత్రయం. ఆమె చేతుల మీదుగా వచ్చిన పిల్లలంటే కంపెనీలు కళ్లకద్దుకుని తీసుకునేవి. అకాడమీ నడిపే శ్రావణ్‌కుమార్ ఆమెను అక్కా అక్కా అంటూ నెత్తిన పెట్టుకునేవాడు. నిజంగా మంచి టీచరు. చేటంతా ఆ మంచి టీచరు వల్లే వచ్చింది, అదే బాధ.

ఆ ఏడు ఎయిర్‌పోర్టు లాంజ్ నడిపే కంపెనీ ఒకటి కొత్త షరతు పెట్టింది. లాంజ్ అంటే విమానం ఎక్కబోయే పెద్దమనుషులు కూర్చుని తిని, తాగి, ఒక కునుకు తీసే చోటు. అక్కడికి ట్రైనీలను పంపే ముందు లైంగిక వేధింపుల గురించి వాళ్లకు ఒక క్లాసు చెప్పి, చెప్పినట్టు ఫొటోలు పంపాలి.

"ఒక్క పూట చెప్పెయ్ అక్కా. ఫొటోలు నేను తీస్త," అన్నాడు శ్రావణ్‌కుమార్. అతనికి అది ఫొటోల పని.

వినీల అలా చేతులు దులుపుకునే రకం కాదు. ఇంట్లో కూర్చుని చదివింది, రాసుకుంది. క్లాసులో తలుపు వేసి, ఇంగ్లీషు పక్కన పెట్టి, ఇంటి మాటల్లోనే చెప్పింది.

"చెయ్యి ఏస్తేనే వేధింపు అనుకోకున్రి. దారికి అడ్డం నిలబడుడు, పైట సర్దుతనని దగ్గరికొచ్చుడు, డ్యూటీ అయినంక ఫోన్ల మెసేజులు పెట్టుడు, నీ ఒంటి గురించి తమాషా చేసి నవ్వుడు, అన్నీ గదే. గది తప్పో ఒప్పో అని మీరు కూసొని లెక్కలు చెయ్యనక్కర లేదు. మీకు ఒద్దనిపిస్తుందా? గంతే. ఒద్దని నోరు తెరిచి చెప్పున్రి. నలుగురు ఉన్న తావుకు పోన్రి. అదే దినం ఎవరికన్న చెప్పున్రి. మెసేజులు డిలీట్ చెయ్యకున్రి."

మనీషా లేచి నిలబడింది. కందుకూరు దిక్కున ఒక పల్లె ఆమెది. తండ్రి రాములు, తల్లి అనంతమ్మ ఆకుకూరలు పండించి తెల్లారేసరికి మార్కెట్టుకు చేరుస్తారు. ఇంట్లో మెడలో ఎయిర్‌పోర్టు పాసు వేసుకోబోయే మొదటి మనిషి ఈ పిల్ల. ఏది చెప్పినా మొదట తనే నేర్చుకునేది.

"మేడం, గెస్ట్ అయితే ఒద్దనొచ్చు. మన పైన ఉన్న సార్ అయితే?"

"ఎవరైనా సరే," అంది వినీల.

అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత సాధన చేయిద్దామని ఒక్కొక్కరినీ నిలబెట్టింది. ఒకమ్మాయి వేధించేవాడిలా మీద మీదికి రావాలి, రెండో అమ్మాయి ఒద్దు, దూరం జరుగు అనాలి. మొదటి పిల్ల లేచింది. మెడ నిటారుగా పెట్టి, చేతులు ముందుకు కట్టుకుని, "దయచేసి దూరంగా ఉండండి సార్" అంది. ఎనిమిది పళ్లూ కనబడ్డాయి. క్లాసంతా గొల్లుమంది. రెండో పిల్లా అంతే. మూడో పిల్లా అంతే. మనీషా వంతు వచ్చింది.

"నవ్వకుంట చెప్పవే," అంది వినీల.

మనీషా ప్రయత్నించింది. పెదవుల చివర్లు కిందికి దిగాయి, వణికాయి, మళ్లీ పైకి ఎక్కేశాయి. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ అంతే. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. మనీషా కూడా నవ్వింది. వినీలకూ నవ్వు ఆగలేదు. కింద నుంచి సాంబారు వాసన వస్తోంది, అందరికీ ఆకలిగా ఉంది.

"సరే పో. మొఖం ఎట్లుంటేంది, మాట గట్టిగుంటే చాలు," అని కూర్చోబెట్టింది.

శ్రావణ్‌కుమార్ ఫోన్ పట్టుకుని తలుపు తీశాడు. మౌనం వద్దు అని పెద్ద అక్షరాలతో రాసిన అట్టను ముందు వరస పిల్లల చేతికిచ్చి, అందరూ జర నవ్వున్రి అన్నాడు. ఆ ఫొటో ఇప్పటికీ అకాడమీ గోడ మీద ఉంది. చాలా బాగా వచ్చింది.

మనీషాకు ఆ లాంజ్‌లోనే ట్రైనీగా చోటు దొరికింది. అక్కడ సూపర్‌వైజరు ప్రేమ్ రాజ్. అతను వినీల మొట్టమొదటి బ్యాచ్ కుర్రాడు. అంతకంటే ముందు వినీల వెళ్లే చర్చిలో పెరిగిన పిల్లాడు. తల్లి యేసుమణి ఒక హాస్టల్లో వంటచేసి ఒంటి చేత్తో పెంచింది. కొడుక్కి ఉద్యోగం వచ్చిన ఆదివారం యేసుమణి చర్చిలో లేచి నిలబడి, దేవుడి పేరు తర్వాత వినీల పేరే చెప్పింది. మనీషాను పంపేటప్పుడు వినీల ధైర్యం కూడా చెప్పింది. "మా ప్రేమ్ రాజ్ ఉన్నడు ఆడ. నీకేం ఫికర్ లేదు."

కొన్ని నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం క్లాసు అయ్యాక మనీషా అకాడమీకి వచ్చింది. తలుపు దగ్గర నిలబడి నవ్వుతోంది. పర్మినెంటు అయ్యుంటుంది, మిఠాయి తెచ్చి ఉంటుంది అనుకుని వినీల మురిసిపోయింది.

"రా రా! ఏంది కబురు? పక్కా అయిందా ఉద్యోగం?"

"ప్రేమ్ రాజ్ సార్ మీద కంప్లైంట్ ఇచ్చిన మేడం."

వినీల ఆ మాట విని కూడా వెంటనే నమ్మలేదు. ఆ ముఖానికీ ఆ మాటకూ పొంతన లేదు మరి. కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. మనీషా వరసగా చెప్పుకుపోయింది. చేరిన కొత్తలో పేరు బ్యాడ్జి వంకరగా ఉందని ప్రేమ్ రాజే సరిచేసేవాడు. తర్వాత చీర కుచ్చిళ్లు సరిగ్గా లేవనేవాడు. తర్వాత రాత్రి మెసేజులు. తర్వాత వంటగది పక్క సందులో ట్రే పట్టుకుని వస్తుంటే అడ్డం నిలబడ్డం. చివరికి ఒకరోజు అదే సందులో నడుం మీద చెయ్యి వేసి, గోడకు అదిమిపెట్టి, అక్కణ్ణుంచి ఇక ఆగలేదు. చేతిలో ట్రే నిండా గ్లాసులు. వదిలేస్తే పగులుతాయి.

"మీరు చెప్పినయి అన్నీ చేసిన మేడం. ఒద్దన్న. ప్రతిసారి ఒద్దన్న. సందుల నుంచి నలుగురు ఉన్న తావుకు పోయిన. అదే దినం కంపెనీకి రాసి ఇచ్చిన. మెసేజులు కూడ ఉంచిన."

"మంచిగ చేసినవ్ బిడ్డా. మరింకేంది?"

"మెసేజుల్ల ఏం లేదంటున్నరు. తిన్నవా, పన్నవా అని ఉన్నదంతే గదా అంటున్నరు. సందుల కెమెరా ఉంది. అండ్ల మాటలు ఇనబడవు, బొమ్మనే. ఆ బొమ్మల నేను..." మనీషా ఖాళీ గ్లాసు తిరిగి వినీల చేతికిచ్చింది. "నవ్వుతున్న అంట మేడం."

వినీల చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

మనీషా ఇంకా చెప్పింది. కంపెనీలో ఇలాంటి ఫిర్యాదులు వినడానికి ఒక కమిటీ ఉంది. అది వచ్చే వారం కూర్చుంటుంది. ఇష్టపడే నవ్వింది, పర్మినెంటు చెయ్యలేదన్న కోపంతో ఇప్పుడు మాట మార్చింది అని ప్రేమ్ రాజ్ రాసిచ్చాడు. కమిటీ అతన్ని నమ్మితే మనీషా పాసు వెనక్కి తీసుకుంటారు. అబద్ధపు ఫిర్యాదు ఇచ్చిన పిల్ల అని పేరు పడ్డాక ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఏ కౌంటరూ రానివ్వదు. ఊళ్లో ఏమనుకుంటారో చెప్పనక్కర్లేదు.

"మీరొచ్చి చెప్పాలె మేడం. గా నవ్వు ఏందో మీకు ఎరుకనే గదా."

వస్తానంది వినీల. అనేసింది గానీ, ఆ పిల్ల మెట్లు దిగి వెళ్లగానే క్లాసులో ఆ పూట జరిగింది కళ్లముందు తిరిగింది. పెదవులు కిందికి దిగి, వణికి, పైకెక్కడం తను చూసింది. చూసి నవ్వింది. ఆకలేసి వదిలేసింది. ఇంతకంటే సిగ్గుచేటు ఇంకేముంటుందని ఆమె ఒళ్లు మండిపోయింది, తన మీద తనకే.

ఈ వార్త శ్రావణ్‌కుమార్‌కు తెల్లారేసరికి చేరింది.

"అక్కా, నువ్వు పోయి మా పిల్లల నవ్వు ఉత్తదే అని చెప్తే రేపు మన పిల్లలను ఎవడు తీసుకుంటడు? మనం అమ్మేదే గది గదా!" అన్నాడు. అన్నాక తన మాట తనకే ఎబ్బెట్టుగా అనిపించిందేమో, ఫోన్ చూసుకున్నాడు. "పోతే పో. కానీ అకాడమీ పేరు మీద పోకు. తర్వాత నేను నిన్ను ఉంచుకోలేను. ముందే చెప్తున్న."

అతన్ని పక్కన పెట్టొచ్చు. యేసుమణిని పక్కన పెట్టడం వినీల వల్ల కాలేదు. ఆమె సాయంత్రం ఇంటికి వచ్చింది. వందనాలమ్మా అంటూ వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా గుమ్మం దగ్గరే నేల మీద కూలబడింది. హాస్టల్ వంటగదిలో పొగకు ఆమె కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. ఇప్పుడు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉన్నాయి.

"పోరడు ఆగమైతడమ్మా. ఆ పిల్ల వీడియోల నవ్వుకుంటనే ఉన్నదంట. మొగపిల్లగాడు, నవ్వంగ జూసి నిజమనుకున్నడు. తప్పే. నాలుగు తిట్టి వదిలెయ్యమను. నువ్వొచ్చి ఆ పిల్ల దిక్కు మాట్లాడితే వాడు ఇగ మిగలడు."

"ఆ నవ్వు నేను నేర్పిందక్కా."

"నేర్పితేంది? నవ్వు నవ్వే గద."

యేసుమణి వినీల రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. తల్లి చేతులు, కాలిన మచ్చలతో గరుకుగా ఉన్నాయి. ఆ చేతుల్ని విడిపించుకోవడం వినీలకు ప్రాణం పోయినంత పనయింది. ఏ సంగతీ చెప్పకుండానే పంపేసింది. పిరికితనం కాక ఏమనాలి దాన్ని? ఆ మధ్య రోజులన్నీ వెళ్లకుండా ఉండడానికి ఒక మంచి కారణం వెతుక్కుంటూనే గడిపింది.

కమిటీ కూర్చున్న ఆఫీసు ఎయిర్‌పోర్టు రోడ్డు మీద మూడో అంతస్తు. కిటికీ అద్దాల వెనక విమానాలు దిగుతుంటే లోపల కుర్చీలు సన్నగా అదురుతాయి. కమిటీ పెద్ద శ్రీలత, కోస్తా వైపు మనిషి, కంపెనీలో పెద్ద ఆఫీసరు. పద్ధతైన మనిషే, ఎవరినీ కసురుకోలేదు. పక్కన ఇంకో ఇద్దరు సభ్యులు. బల్లకు ఆ చివర ప్రేమ్ రాజ్, ఈ చివర మనీషా. మనీషా వెనక కుర్చీలో వినీల. పొద్దున్న చెప్పులు వేసుకునేదాకా వెళ్తుందో లేదో ఆమెకే తెలియదు. వచ్చింది, అంతే.

లాప్‌టాప్‌లో వీడియో పెట్టారు. సన్నటి సందు. ట్రేతో మనీషా. ఎదురుగా ప్రేమ్ రాజ్ వీపు. అతను పక్కకు జరగలేదు. ఆమె వెనక్కి వేసిన అడుగు గోడకు ఆగిపోయింది. అతని చెయ్యి ఆమె నడుం మీదికి వెళ్లింది. ఆమె పెదవులు కదిలాయి. ఆ కదలిక ఆగగానే ముఖం మీద నవ్వు నిలిచింది. మెడ నిటారు, గడ్డం సమంగా, పై వరస ఎనిమిది పళ్లు. పరీక్షలో అయితే వినీల పదికి పది వేసేది. ఆ నవ్వు వీడియో అయిపోయేదాకా అలాగే ఉంది. అతని చెయ్యి ఎక్కడెక్కడికి వెళ్లినా అలాగే ఉంది.

సభ్యుల్లో ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, నేను మీ మీద నింద వెయ్యడం లేదు. కానీ ఇష్టం లేని ఆడపిల్ల ఇలా నవ్వుతుందా? ఎవరైనా ఏమనుకుంటారు చెప్పండి?"

"నేను ఒద్దన్నాను సార్." మనీషా ట్రైనింగులో నేర్చుకున్న భాషలో, నేర్చుకున్న గొంతుతో అంది. ఆ అనడం కూడా నవ్వుతూనే అంది. ఆయన శ్రీలత వైపు చూశాడు. చూడండి మరి అన్నట్టు ఆ చూపు.

శ్రీలత వినీలను అడిగింది. "మీరు ఏదో చెప్పాలన్నారట. చెప్పండి."

వినీల లేచింది. పెన్ను, అద్దం, తిట్లు, అన్నీ చెప్పింది. ఒద్దు అనడం నేర్పిన పూట ఒక్కరు కూడా నవ్వకుండా అనలేకపోయారని, తను నవ్వేసి ఊరుకున్నానని కూడా చెప్పింది. మాటలు తడబడ్డాయి. శ్రీలత ఓపిగ్గా అంతా విని తల పంకించింది.

"మీరు చెప్పేది అర్థమైంది. నిజమే కావచ్చు. కానీ ఈ నవ్వు వెనక ఏముందో ప్రేమ్ రాజ్ గారికి ఎలా తెలుస్తుంది? అతను చూసింది నవ్వునే కదా. పొరపడ్డాడంటే కాదని నేను ఏ ఆధారంతో అనాలి?"

ఆ ప్రశ్నతో గదిలో అందరికీ పని అయిపోయినట్టయింది. రెండో సభ్యురాలు కాగితాలు సర్దుకుంటోంది. మనీషా ఒళ్లో చేతులు చూసుకుంటోంది. వినీల బల్ల ఆ చివరికి చూసింది. ప్రేమ్ రాజ్ నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చక్కగా దువ్విన జుట్టు, గడ్డం సమంగా. కమిటీ వైపు తిరిగి వినయంగా నవ్వుతున్నాడు.

వినీల అటే చూస్తూ అడిగింది.

"ప్రేమ్ రాజ్, నువ్విప్పుడు సంతోషంగ ఉన్నవా?"

అతనికి అర్థం కాలేదు. "మేడం?"

"నీ ఉద్యోగం పోయేటట్టున్నది. మీ అమ్మ మా ఇంటికొచ్చి నేల మీద పడి ఏడ్చిపోయింది. నువ్వెందుకు నవ్వుతున్నవ్?"

ప్రేమ్ రాజ్ చెయ్యి తనంతట తనే నోటి దగ్గరికి వెళ్లింది. పెదవులు దగ్గరికి తెచ్చుకోబోయాడు. అవి కిందికి దిగాయి, వణికాయి, మళ్లీ పైకి ఎక్కాయి. ముగ్గురు సభ్యులూ అది చూశారు.

"అది... అలవాటు మేడం," అన్నాడు.

"ఆ పిల్లది కూడ అలవాటే." వినీల గొంతు ఇప్పుడు తడబడలేదు. "మేడం, వీళ్లకు తెల్వకపోవచ్చు. బయట ఎవ్వరికీ తెల్వకపోవచ్చు. ఈ పిల్లగానికి తెలుసు. నా మొట్టమొదటి బ్యాచ్‌ల పెన్ను నోట్ల పెట్టుకొని అద్దం ముందట నిలబడ్డోడు ఈయన. వీని తల్లిని, వంటచేసి పెంచిన తల్లిని, నేను మొఖం మీద తిడుతుంటె నవ్వుకుంట నిలబడ్డడు. లోపల సస్తున్నా నవ్వు పోదని వీనికి ఎరుకైనంతగ ఎవ్వరికి ఎరుక లేదు. నవ్వు చూసి పొరపడిండంటే నేను నమ్మ. ఒద్దంటున్నదని తెలుసు, ఒద్దంటున్నట్టు కెమెరాల కనబడదని గూడ తెలుసు. గందుకే ఆ సందుల ఆపిండు."

ప్రేమ్ రాజ్ నోటి మీద నుంచి చెయ్యి తియ్యలేదు. శ్రీలత వీడియో మళ్లీ మొదటి నుంచి పెట్టింది. ఈసారి ఆమె మనీషా ముఖం చూడలేదు, ప్రేమ్ రాజ్ చేతుల్నే చూసింది.

కమిటీ తన మాట రాతలో ఇచ్చింది. ఫిర్యాదు నిజమేనని తేల్చి, ప్రేమ్ రాజ్‌ను పనిలోంచి తీసేశారు. వినీల చేసిన పనికి ఫలితం కూడా వరసగా వచ్చింది. శ్రావణ్‌కుమార్ అన్నంత పనీ చేశాడు. నెల దాటాక రావద్దన్నాడు, అక్కా అంటూనే. ఆదివారం చర్చిలో యేసుమణి ఆమెను చూసి లేచి వెళ్లి మగవాళ్ల వైపు గోడ పక్కన ఒంటరిగా కూర్చుంది. వినీల ఆ రోజు పాట పాడలేకపోయింది. కొడుకు చేసిన పాపం ఆ తల్లి మెడకు చుట్టుకుంటుంటే చూడ్డం కష్టంగా ఉంది. అయినా చెప్పిన మాట వెనక్కి తీసుకోవాలని ఒక్కసారి కూడా అనిపించలేదు.

తీర్పు కాగితం ఇవ్వడానికి శ్రీలత మనీషాను పిలిపించింది. తోడు రమ్మంటే వినీల వెళ్లింది. శ్రీలత లేచి వచ్చి మనీషా ఎదురుగా నిలబడింది.

"మీరు చెప్పింది నిజమని రాశాం. ఆ రోజు మిమ్మల్ని అనుమానించాను. క్షమించండి. మీ ఉద్యోగం మీకు ఉంది, ఎప్పుడైనా రావచ్చు."

"థాంక్యూ మేడం," అని మనీషా మెడ కొద్దిగా వంచి, ఎంత వంచాలో అంతే వంచి, బయటికి వచ్చింది.

ఇద్దరూ రోడ్డు పక్క బస్టాపులో కూర్చున్నారు. మధ్యాహ్నం ఎండ. బస్టాపులో ఇంకెవరూ లేరు.

"నేను మళ్ల పోను మేడం ఆ లాంజ్‌కు," అంది మనీషా.

"పోకు. ఒద్దనిపిస్తె పోకు. వేరే పని చూద్దం. నువ్వు గెలిచినవ్ బిడ్డా."

"అవ్ మేడం." కాగితాన్ని మడిచి చున్నీ కొంగులో పెట్టుకుంది. "ఇంట్ల అమ్మ తిడుతున్నది. నిన్న కొట్టింది గూడ. గింత అయినంక ఇంక ఏం నవ్వు వస్తున్నదే నీకు, సిగ్గు లేదా అని. బాపు అయితే మొఖం దిక్కు సూస్తనే లేడు. నేను అద్దం ముందట కూసుంటున్న మేడం రోజు. మీరు చెప్పినట్టే, ఎన్కకు చేస్తున్న. పెదవులు చేతులతోని పట్టుకొని కిందికి గుంజుతున్న. వదిలిపెడితె మళ్ల పోతున్నయ్."

ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. చెంపల మీదుగా దిగి, పైకి లాగిన పెదవుల చివర్ల దగ్గర ఆగి, గడ్డం మీదికి జారుతున్నాయి. వినీల ఆ ముఖాన్ని చూడలేక, చూపు తిప్పుకోనూ లేక, ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. తనకూ ఏడుపు వచ్చేసింది.

"ఇగ చాలు బిడ్డా. ఈడ ఎవ్వరు లేరు. నా ముందటన్న నవ్వకు."

"నవ్వుతలేను మేడం," అంది మనీషా.